పొయ్యి వంటకే కాదు

ఆడవాళ్ళ పొగ కష్టాలు తీర్చామని మన ప్రభుత్వాలు చాలాసార్లే చెప్పుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. ఇంటికి సిలిండరు రావడం మంచిదే, కాదనం. కానీ ఈ పథకాలన్నీ పొయ్యిని వంట చేసుకునే సాధనంగానే చూశాయి. చలి ప్రాంతాల్లో పొయ్యి వంటకే కాదు, రాత్రి ప్రాణం నిలుపుకోవడానికి కూడా. ఈ సంగతి లెక్కలోకి రాకపోతే నష్టపోయేది ఎవరు?

లడాఖ్ సంగతే చూద్దాం. లే పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం రాత్రుళ్ళు ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల దిగువకు కూడా పడిపోతుంది. ఇంటిల్లిపాదీ ఒకే గదిలో బుఖారీ చుట్టూ చేరతారు. బుఖారీ అంటే పొగగొట్టం ఉన్న రేకు పొయ్యి. అందులో వేయడానికి అక్కడ అడవి లేదు. నాటుకున్న విల్లో, పోప్లార్ చెట్ల కొమ్మలూ పశువుల పేడా, అంతే. ఆ పేడ ఏరి, పిడకలు ఎండబెట్టి, ఇంటి మీద పేర్చుకునే చాకిరీలో ఎక్కువ భాగం ఆడవాళ్ళదే. దీన్ని ఏ ప్రభుత్వమూ పనిగా లెక్క కట్టలేదు.

ఎత్తు పెరిగితే ఈ భారమూ పెరుగుతుంది. అక్కడ పీల్చే గాలిలో ఆక్సిజన్ సముద్రతీరంలో దొరికే దానిలో మూడింట రెండు వంతులే. నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి కనుక పప్పు ఓ పట్టాన ఉడకదు, కట్టె ఎక్కువ కాలాలి. చలికి తలుపులూ కిటికీలూ బిగిస్తే పొగతోపాటు కార్బన్ మోనాక్సైడు గదిలో నిలిచిపోతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. సిలిండరు ఉన్నా పూర్తి ధీమా లేదు. గ్యాసులోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర సరిగా ఆవిరి కాదు. ఇంట్లో పొగ వల్ల ప్రపంచంలో 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పొయ్యి దగ్గర ఎక్కువసేపు గడిపేది ఎవరో మనకు వేరే చెప్పాలా?

1980ల్లో కేంద్రం పొగలేని పొయ్యిల కార్యక్రమం నడిపింది, 2002లో ఆపేసింది. మంచి వంటపొయ్యి వేడినంతా గిన్నెకు చేరుస్తుంది. చలి ఇంట్లో ఆడమనిషికి కావలసింది గదికి చేరే వేడి కూడా. ఆమెను అడగకుండా నమూనా తయారుచేసి, ఆమె వాడకపోతే అజ్ఞానం అనడం మనవాళ్ళకు అలవాటే.

'2019లో శ్రీనగర్ నుంచి లేకు విద్యుత్ లైను వచ్చింది కదా, హీటర్లు పెట్టుకోవచ్చు కదా' అని కొందరంటారు. వేడి నిలవని ఇంట్లో హీటరు పెట్టడం చిల్లికుండలో నీళ్ళు పోయడమే. బిల్లు మాత్రం నిండుతుంది. ముందు ఇల్లు బాగుపడాలి. దానికి దారి లడాఖ్‌లోనే ఉంది. దక్షిణపు గోడకు నల్లరంగు వేసి, ముందు కాస్త ఖాళీ వదిలి అద్దం బిగిస్తారు. పగలు ఎండకు మట్టిగోడ వేడెక్కి, రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. అక్కడి స్వచ్ఛంద సంస్థలు 1980ల నుంచి ఇలాంటి సౌర గృహాల మీద పనిచేస్తున్నాయి. పిడకల అవసరం తగ్గితే పేడ పొలానికి మిగులుతుంది, ఆడదానికి పొద్దు మిగులుతుంది.

అయితే గోడకు అద్దం పెట్టించే అధికారం ఎవరిది? ఇల్లు మగవాడి పేరున ఉంటే అప్పూ, సబ్సిడీ అతని పేరునే వస్తాయి. ఏ గది ముందు బాగుచేయాలో అతనే తేలుస్తాడు. అందుకే ఇది సాంకేతిక సమస్య మాత్రమే కాదు, ఆస్తి హక్కు సమస్య కూడా.

ఇదంతా ఎక్కడో మంచుకొండల మాట అనుకోనక్కరలేదు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న మన లంబసింగిని 'ఆంధ్రా కాశ్మీర్' అంటూ జనం చలి చూడడానికి వెళతారు. వాళ్ళు తెల్లవారి పొగమంచుకు ఫొటోలు తీసుకుంటారు. ఏజెన్సీ ఇళ్ళలో ఆడవాళ్ళు రాత్రంతా నెగడు ఆరిపోకుండా చూస్తారు. మూలన గ్యాసు స్టవ్వు ఉన్నంత మాత్రాన ఆ నిప్పు ఆరదు.

మనం అడగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. ఇంటి వెచ్చదనాన్ని గృహనిర్మాణ పథకాల్లో భాగం చెయ్యాలి. ఆ సాయం భార్యాభర్తల ఉమ్మడి పేరున, ఒంటరి స్త్రీకి ఆమె పేరుననే రావాలి. గోడ కట్టడం, పొగగొట్టం బాగుచేయడం ఆడవాళ్ళకు నేర్పి, కూలి ఇవ్వాలి.

ఒక పని మన చేతిలోనే ఉంది. ఈసారి సర్వేకు వెళ్ళినప్పుడు 'గ్యాసు ఉందా?' అని అడిగి టిక్కు పెట్టి లేచి రావద్దు. 'రాత్రి చలికి ఏం చేస్తున్నారమ్మా? ఆ కట్టె ఎవరు మోసుకొచ్చారు?' అని కూడా అడుగుదాం. జవాబు రాసుకోవడానికి కాగితంలో చోటు లేకపోతే, ఆ కాగితాన్నే మార్చుకుందాం.