వెదురు కత్తి, బోలు కవచం

మసాకి కొబయాషి 1962లో తీసిన జపాను చిత్రం 'సెప్పుకు' లోకమంతటా 'హరాకిరి' అన్న పేరుతో తిరిగింది. దాన్ని మెచ్చుకునేవాళ్ళకు కొదవ లేదు. నా తగాదా ఆ మెప్పుతోనే. "సమురాయి ధర్మం గొప్పదే, దాన్ని భ్రష్టు పట్టించిన కపటులను ఈ చిత్రం ఎండగట్టింది" అంటారు వీరు. అంటే ధర్మం బంగారం, మనుషులే మట్టి! ఈ వాదం చిత్రానికి సన్మానం చెయ్యటం లేదు, సమాధి కడుతోంది.

కథ 1630లో, నేడు టోక్యో అని పిలిచే ఎదో నగరంలో జరుగుతుంది. కొలువు పోయిన మొతోమె అనే యువకుడు ఈయి ప్రభువుల ఇంటికి వచ్చి, కడుపు కోసుకొని గౌరవంగా చావటానికి మీ వాకిట చోటివ్వండని అడుగుతాడు. నాలుగు డబ్బులు చేతిలో పెట్టి పంపేస్తారని అతని ఆశ. ఇంట్లో భార్యకు క్షయ, బిడ్డకు జ్వరం. ఒకటి రెండు రోజులు గడువిమ్మని బతిమాలినా ఎవరూ వినరు. అసలు కత్తులు ఎప్పుడో అమ్ముకున్నాడు. ఒరలో మిగిలింది వెదురు కత్తి. ఆ వెదురుతోనే పొట్ట చీల్చుకోమంటారు.

ఈయి వారి పెద్ద అధికారి కగెయు ఇందులో ఏ నియమం తప్పాడు? అన్నమాట నిలబెట్టుకోమన్నాడు, అంతే. నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించినందువల్లే ఆ యువకుడు అంత ఘోరంగా చచ్చాడు.

అసలు ఆ ఆకలి ఎక్కడిది? 1619లో షోగన్ ప్రభుత్వం, అనుమతి లేకుండా కోట మరమ్మతు చేశాడన్న నేరం మోపి, హిరోషిమా ప్రభువు ఫుకుషిమా సంస్థానాన్ని లాక్కుంది. అతని సమురాయిలు వీధిన పడ్డారు. మొతోమె, అతని మామ హన్షిరో ఆ కొలువు వారే. ఈయి వంశమో, ఆ షోగన్ ప్రభుత్వానికి మూలస్తంభం. అన్నం లాక్కున్న చెయ్యీ, గౌరవం గురించి నీతులు చెప్పే నోరూ ఒకే ఒంటివి.

మామ కక్ష తీర్చుకోవటానికి వస్తాడు. మొతోమెను చావుకు తరిమిన ముగ్గురి సిగలు అప్పటికే కోసేశాడు. సిగ పోతే సమురాయికి చావుతో సమానమైన అవమానం. కాని ఆ వీరులు రోగమని వంక పెట్టి ఇళ్ళలో దాక్కున్నారు. "చూశారా, కపటం!" అంటారు మన మిత్రులు. కపటమే, కాదనను. అయితే పస్తులున్నవాడికి ఒక్కరోజు గడువివ్వని నియమం, జీతగాళ్ళకు సిగ పెరిగేదాకా గడువెలా ఇచ్చింది? దీన్ని మనుషుల బలహీనత అనటం తేలిక. నేను వర్గ న్యాయం అంటాను.

హన్షిరో కూడా మచ్చలేని ధర్మమూర్తి కాడు. అల్లుడు మందుల కోసం కత్తులమ్ముకున్నాడని తెలిసినప్పుడు, తనకా ఊహే తట్టలేదని కుమిలిపోతాడు. పసివాడి ప్రాణం కన్నా ఉక్కుముక్క విలువైనదని నమ్మించిన ఆచారం మీద చిత్రం ఇచ్చిన తీర్పు అది. చివరికి ఈయి పూర్వీకుల కవచాన్ని ఎత్తి నేలకు కొడతాడు. లోపల ఎవరూ లేరు, ఉత్త డొల్ల.

ఈ గౌరవాన్ని కొబయాషి పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. 1942లో ఆయన్ని సైన్యంలోకి లాగి మంచూరియా పంపారు. పై హోదా ఇస్తామంటే నిరాకరించి, మామూలు సిపాయిగానే ఉండిపోయాడు. బందీగా చిక్కే అవమానం కన్నా చావు మేలని జపాను సైనికులకు 1941లోనే నియమావళి అందింది. వెదురు కత్తి మీద పడమన్న కగెయు గొంతు 1630తో ఆగలేదన్న మాట.

"ఇది ఒంటరి వీరుడి తిరుగుబాటు, రైతులేరి?" అని మరికొందరి ఆక్షేపణ. నిజమే, రైతులు కనిపించరు. కాని ఆ ఒంటరి గెలిచాడని చిత్రం మనకు జోల పాడదు. కత్తి మహిమ పాడే కొలువు అతని మీదికి తుపాకులు తెస్తుంది. నెత్తురు కడిగేస్తారు. కవచాన్ని మళ్ళీ నిలబెడతారు. చచ్చిన తమవాళ్ళంతా రోగంతో పోయారని వంశ దినచర్యలో రాసుకుంటారు. చిత్రం ఆ దినచర్యతోనే మొదలై, దానితోనే ముగుస్తుంది.

చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ, దాన్ని బట్టీపట్టే విద్యార్థులకూ నా మనవి ఒకటే. ఎవరి కీర్తి చదివినా, ఆ పుట రాసిన కలం ఎవరి ఉప్పు తిన్నదో ముందు అడగండి.