మా నదికి మూడో పేరు ఎందుకు?

మేముండేది లండన్‌లో. ఇంగ్లండ్ లండన్ కాదు, కెనడాలోని ఒంటారియో లండన్. ఇక్కడా ఓ థేమ్స్ ఉంది. ఊర్నుంచి ఫోన్ చేసే ప్రతి బంధువుకీ ఈ సంగతి విడమరిచి చెప్పాల్సిందే. 1793లో సింకో అనే బ్రిటిష్ పాలకుడు ఆ పేరు పెట్టాడు. అనిషినాబే ప్రజలు దీన్ని దెష్కాన్ జీబి అంటారు. దుప్పికొమ్ముల నది అని అర్థం. ఎంత బాగుందో చూడండి!

అమెరికాలో, కనెక్టికట్‌లో న్యూ లండన్ పక్కన మరో థేమ్స్ పారుతోంది. అసలు నదిని ఇంగ్లండ్‌లో 'టెమ్స్' అంటే, కనెక్టికట్ వాళ్లు అచ్చం మనం తెలుగులో రాసుకున్నట్టు 'థ' పలుకుతారు! న్యూజిలాండ్ కథ వేరు. 1769లో కెప్టెన్ కుక్ అక్కడో నదికి థేమ్స్ అని పెట్టాడు. ఊరికి ఆ పేరు మిగిలింది గానీ, నదిని ఇప్పుడు మావోరీ పేరుతో వైహౌ అనే అంటారు.

ఇదంతా ఎందుకంటే, 2027లో గోదావరి పుష్కరాలు. వెళ్లలేని వాళ్లం ఇక్కడే ఒడ్డున చేరి దీన్ని 'మన గోదావరి' అని పిలుచుకుందామని కొందరు మిత్రుల ఆలోచన. బెంగ నాకూ ఉంది. కానీ పేరు మార్చడం నాకు నచ్చలేదు. పొద్దున్నే బకెట్ నీళ్లలోకి గంగనీ గోదావరినీ రమ్మని పిలిచే శ్లోకం మన పెద్దలు నేర్పనే నేర్పారు. పిలిస్తే వస్తుందని నమ్మేవాళ్లం, ఉన్న పేరు చెరపడం దేనికి? సంకల్పంలో ఎక్కడ కూర్చున్నామో ఉన్నదున్నట్టు చెప్పాలి కదా, గోదావరీ తీరమని ఎలా అంటాం?

ఇంకో మాట. మనం వదిలే ప్లాస్టిక్ దొన్నెలు, దీపాలు కొట్టుకుపోయేది దిగువనున్న చిప్పెవా, వనైడా ప్రజల ఊళ్ల వైపే. వాళ్లకిది పండగ రోజు నది కాదు, రోజూ ఉండే నది. దీపం వెలిగించి ఒడ్డునే పెడితే పుణ్యం తగ్గుతుందా?

'జీబి' అంటేనే నది. మిసిసిపీలోని 'సిపీ' కూడా ఆ మాటేనట. పంతులుగారు ఏ నదీతీరమని అడిగితే మా ఇంట్లో జవాబు సిద్ధం: దెష్కాన్ జీబీ తీరే. పలకడం పిల్లలు నేర్పిస్తారు.