మొహానికా రంగు, బూట్లకా?

కళకు రంగు లేదని మాకు చెప్పేవాళ్లున్నారు. బ్యాలే చరిత్ర వాళ్లు చదవలేదు.

కాలి మునివేళ్ల మీద నిలబడి ఆడే ఐరోపా నాట్యం అది. అమెరికాలో ఓ పేరున్న బృందం జానెట్ కాలిన్స్ అనే నల్లజాతి అమ్మాయిని తీసుకుంటామంది, మొహానికి తెల్లరంగు పూసుకుంటేనే. ఆమె పూసుకోనన్నారు. 1951లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో సొంత మొహంతోనే ఆడారు.

1955లో ఓ బ్యాలే బృందంలో చేరిన రేవెన్ విల్కిన్సన్ లేతరంగు పూసుకునే ఆడారు. అట్లాంటా హోటల్లో జాతి అడిగితే మాత్రం అబద్ధమాడలేదు. అక్కడ ఉండనివ్వలేదు. మరి పూసిన రంగు ఎవరి కోసం? చివరికి నెదర్లాండ్స్ వెళ్లి ఆడాల్సి వచ్చింది.

బ్యాలే బూట్లకు గులాబీ రంగెందుకు? తెల్లకాళ్లతో కలిసిపోవడానికి. ఆర్థర్ మిచెల్ 1969లో మొదలుపెట్టిన డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ వాళ్లు దాన్ని తిరగేశారు. మొహం జోలికి పోకుండా బూట్లకే తమ ఒంటిరంగు వేశారు. లండన్‌లోని పెద్ద బూట్ల కంపెనీ గోధుమరంగువి అమ్మకానికి పెట్టింది ఎప్పుడనుకున్నారు? 2018లో!

వాళ్లనే ఎందుకనాలి? వార్షికోత్సవంలో థింసా ఆడే మన ఆడపిల్లల మొహాలకు దట్టంగా పౌడరు కొట్టేది టీచర్లమైన మేమే. ఈ ఏడాది ఆ డబ్బా బయటికి తియ్యం.