పొట్లం దొరికింది, బాధ దొరకలేదు

 

అర్ధసంవత్సర పరీక్షల తర్వాత మా తరగతి అబ్బాయి సంచిలో పొగాకు పొట్లం దొరికింది. ప్రార్థనలో అందరి ముందర నిలబెట్టారు. ఇంట్లో వాళ్ల నాయన బెల్టుతో కొట్టాడు. "చెడు సావాసం" అన్నారు అందరూ. వాడు వారం రోజులు బడికి రాలేదు. వాడు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు రాయను.

పొట్లం దొరకడానికి రెండు నెలల ముందు నుంచే వాడు మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవడం లేదు. ఆటకు రావడం మానేశాడు. రాత్రి నిద్ర పట్టదురా అని నాతో అన్నాడు. గణితంలో ఫెయిలయ్యాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మనసు బాగాలేనప్పుడు చెప్పుకోవడానికి మనిషి దొరక్కపోతే చేతికి దొరికింది పట్టుకుంటాం. ఒకడు పొగాకు నములుతాడు. ఇంకొకడు లైసెన్సు లేకుండా బండి వేగంగా తోలతాడు. ఒకమ్మాయి తిండి మానేస్తుంది. పొగాకులోని నికోటిన్ కొంచెంసేపే హాయినిస్తుంది. అది తగ్గగానే చిరాకు, ఆందోళన పెరిగి మళ్లీ కావాలనిపిస్తుంది. పాత బాధ అట్లే ఉంటుంది, పైన కొత్త అలవాటు ఒకటి. మానసిక సమస్యల్లో సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అది మా వయసే కదా!

"కొట్టకపోతే చెడిపోతారు" అంటారు. తప్పును తప్పు అనొద్దని నేను చెప్పడం లేదు. మరి అమ్మినవాడి సంగతేమిటి? బడికి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్లు నిండనివారికి ఎక్కడా అమ్మకూడదు అని 2003 చట్టం ఉంది. ఆ అంగడి ఇంకా తెరిచే ఉంది. శిక్ష మాత్రం కొన్నవాడికి.

పొగాకు ముట్టనని మాతో ప్రతిజ్ఞ చేయిస్తారు. మంచిదే. దానితోపాటు నెలకొకసారి ఒక్కొక్కరిని పక్కకు పిలిచి "ఎట్లున్నావు?" అని అడగండి. చెప్పింది విని తిట్టకండి. టెలి మానస్ నంబరు 14416ను నోటీసు బోర్డు మీద రాయండి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు వాడూ నేనూ కలిసి అన్నం తింటున్నాం. "అప్పుడు ఒక్కరైనా అడిగుంటే బాగుండేదిరా" అన్నాడు మొన్న. నాకు జవాబు దొరకలేదు. మీ పక్క బెంచీలో ఎవరైనా డబ్బా తెరవకపోతే ఈ రోజే అడగండి.