ఎర్ర గీతలకు భయపడొద్దు, వాయిదా వేయొద్దు



2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి పోయింది. మన వర్ని నిజామాబాద్ జిల్లాలోనే ఉంది. ఊళ్లు అంగుళం కూడా జరగలేదు. అయినా బాన్సువాడ విద్యార్థి పాత అలవాటుతో దరఖాస్తులో నిజామాబాద్ అని రాస్తే తప్పవుతుంది. సాఫ్ట్‌వేర్ రంగంలో ఇలాంటి మార్పును బ్రేకింగ్ ఛేంజ్ అంటారు. మనం రాసింది రాసినట్లే ఉంటుంది. కింద ఉన్న నియమం మారుతుంది. నిన్న నడిచిన యాప్ ఈ రోజు నడవదు.

మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం మేమే. ఇప్పుడు పీజీ చదువుతూ, మొబైల్ యాప్‌లు తయారుచేసే ఫ్లట్టర్ నేర్చుకుంటున్నాం. గూగుల్ దీని 1.0 వెర్షన్‌ను 2018 డిసెంబరులో విడుదల చేసింది. తెర మీద కనిపించే బటన్లు, జాబితాలు అన్నీ డార్ట్ అనే భాషలో రాయాలి. పాత పుస్తకాల్లో ఫ్లాట్ బటన్, రెయిజ్డ్ బటన్ అని ఉంటుంది. 2020 అక్టోబరులో వాటికి బదులు టెక్స్ట్ బటన్, ఎలివేటెడ్ బటన్ వచ్చాయి. పాతవాటిని కొంతకాలం ఉంచి తర్వాత తీసేశారు. సెకండ్ హ్యాండ్ పుస్తకం చూసి టైపు చేసే విద్యార్థికి కనిపించేవి ఎర్ర గీతలే. తనకే తెలివి లేదనుకుని చాలిస్తాడు. మా బాధంతా ఇదే.

2021 మార్చిలో ఇంకా పెద్ద మార్పు వచ్చింది. హాజరు రిజిస్టర్‌లో ఒక గడి ఖాళీగా ఉంటే ఆ విద్యార్థికి బియ్యం కొలవాలా, వద్దా? యాప్‌లు కూడా ఇలాంటి ఖాళీ గడుల దగ్గరే ఆగిపోయేవి. అందుకే ఏ గడి ఖాళీగా ఉండవచ్చో ముందే రాయాలన్నారు. దీని పేరు నల్ సేఫ్టీ. ఇది మంచి మార్పే. పాత కోడ్‌ను మార్చుకోవడానికి డార్ట్ మైగ్రేట్ అనే సాధనం కూడా ఇచ్చారు. రెండేళ్లకు పైగా గడువు దొరికింది. 2023 మేలో వచ్చిన డార్ట్ 3 పాత పద్ధతి కోడ్‌ను ఒప్పుకోలేదు. ఆ సాధనం కూడా అందులో లేదు. అప్పటిదాకా ఆగినవాళ్లు 2.19 వెర్షన్‌కు వెనక్కి పోయి, కోడ్ సరిచేసుకుని, మళ్లీ ముందుకు రావాల్సి వచ్చింది.

పాత వెర్షన్‌తోనే కాలం గడపవచ్చు కదా అని కొందరు అడుగుతారు. కుదరదు. కొత్త ఆండ్రాయిడ్‌కు తగినట్లు యాప్‌లు ఉండాలని గూగుల్ ప్లే 2018 నుంచి నియమం పెట్టి, దాన్ని పెంచుకుంటూ పోతోంది.

నిజాంసాగర్ కాల్వ నీళ్లు ఎప్పుడు వదులుతారో ముందే తెలిసిన రైతు నాట్లు సర్దుకుంటాడు. తెలియని రైతు నష్టపోతాడు. ఫ్లట్టర్ వాళ్లు కూడా ఏ వెర్షన్‌లో ఏం మారిందో తమ వెబ్‌సైట్‌లో పెడుతున్నారు. కానీ అది ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి, నెట్ కోసం పక్కవాడి ఫోన్ అడిగే మన దాకా ఆ కబురు రాదు. కాబట్టి మార్పును తిట్టడం కంటే కబురు అందేలా చూసుకోవడం ముఖ్యమని మా అభిప్రాయం.

తమ్ముళ్లకు మేము చెప్పేది ఇదే. పుస్తకం కొనేముందు అచ్చయిన సంవత్సరం చూడండి. ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజే వెర్షన్ నంబరు నోటుబుక్కులో రాసుకోండి. ఏదైనా పేరు మీద అడ్డగీత కనిపిస్తే, అది త్వరలో పోతుందని అర్థం. డార్ట్ ఫిక్స్ అనే కమాండ్ ఇలాంటివి చాలావరకు తానే సరిచేస్తుంది. ముందు కోడ్‌కు నకలు తీసి పెట్టుకోండి. నాలుగు వెర్షన్లు ఒకేసారి దూకకండి. ఒక్కో మెట్టు ఎక్కి, యాప్ నడిపి చూసి, తర్వాతి మెట్టు ఎక్కండి.

ఉద్యోగాల్లో ఉన్న పాత విద్యార్థులకు ఒక మనవి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఏం పోయింది, దాని బదులు ఏం వచ్చిందో తెలుగులో ఒక పేజీ రాసి పంపండి. హాస్టల్ గోడ పత్రికలో మేము అంటిస్తాం. నెట్ ఉన్న ఒక్క కంప్యూటర్ హాస్టల్‌కు కావాలని అందరం కలిసి అధికారులను అడుగుదాం.

ఎర్ర గీత పడితే ముందు పుస్తకం ఏ సంవత్సరానిదో చూడండి. మీ తెలివిని అనుమానించడానికి తొందరేమీ లేదు.