‘నీ దగ్గర’ అన్న మాట మరువరాదు

కన్నవారిని వృద్ధాశ్రమంలో చేర్చడం ఇస్లాంలో సమ్మతమేనా? లాలాగూడ, తార్నాక ప్రాంతాల ముస్లిం కుటుంబాల్లో నేడు ఈ ప్రశ్న తలెత్తుతున్నది. రైల్వే వర్క్‌షాపులోనో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనో పనిచేసి రిటైరైన పెద్దలు ఇక్కడ ఉన్నారు. పిల్లలేమో జిద్దాలో, దుబాయ్‌లో, అమెరికాలో ఉన్నారు. ఇంటి పట్టున మిగిలిన కోడలు, మంచం పట్టిన అత్తగారిని ఒంటిచేత్తో లేపి కూర్చోబెట్టలేక నలిగిపోతున్నది.

దివ్య ఖురాన్ బనీ ఇస్రాయీల్ సూరాలోని 23వ ఆయతు తల్లిదండ్రుల వార్ధక్యాన్ని ప్రస్తావించి, వారిపట్ల విసుగు తెలిపే చిన్న శబ్దాన్ని సైతం నిషేధించింది. అందులో ‘ఇన్‌దక’ అనే మాట ఉన్నది. ‘నీ దగ్గర’ అని దాని అర్థం. మా దృష్టిలో ఈ సమస్యకంతటికీ ఆ మాటే గీటురాయి.

ఆ ‘నీవు’ ఎవరు? కన్న సంతానం. హనఫీ ఫిఖా ప్రకారం పేద తల్లిదండ్రుల పోషణ స్థోమతగల కొడుకులతోపాటు కూతుళ్లపైనా విధి. కోడలు చేసే సేవ ఆమె మంచితనం, పుణ్యకార్యం. డబ్బు పంపి, ఖిద్మత్ అంతా ఆమె నెత్తిన వేసి, ‘మా ఇంట వృద్ధాశ్రమం మాటే లేదు’ అని గొప్పలు పోవడం న్యాయం కాదు. మతిమరుపు ముదిరి, రాత్రింబవళ్లు నర్సు అవసరమైనప్పుడు మంచి ఆశ్రమం వెదకడం పాపమని మేము అనము. చేర్చి మరచిపోవడం మాత్రం ఘోరపాపం.

ముందుగా ఆ పెద్దలనే అడగాలి, వెంట తీసుకువెళ్లి చూపాలి. ఊరవతలి తోటలు, పాలరాతి గదులు చూసి మురిసిపోరాదు. ఆటోలో అరగంటలో చేరగల చోటు మేలు. రైల్వే పింఛనుదారుల వైద్య పథకంలో ఉన్నవారికి లాలాగూడ రైల్వే ఆస్పత్రిలో చికిత్స లభిస్తుంది. దూరాన చేర్చితే ఆ సదుపాయం అందకుండా పోతుంది. రాత్రివేళ నర్సు ఉంటుందా? స్త్రీలకు స్నానం చేయించేది స్త్రీలేనా? కూర్చొని వుజూ చేసుకునే వీలు, హలాల్ భోజనం ఉన్నాయా? రంజాన్‌లో సహరీ అందుతుందా? బంధువులు ముందుగా చెప్పకుండా వచ్చినా లోనికి రానిస్తారా? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలేచోట పెద్దలను చేర్చరాదు.

రుసుము జకాత్ సొమ్ముతో కట్టరాదు. తల్లిదండ్రులకిచ్చిన జకాత్ చెల్లదు. మన స్వార్జితంలో అది వారి హక్కు.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కూడా కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వర్తిస్తుంది. పోషణ కోసం పెద్దలు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. వారిని గాలికి వదిలేసినవారికి 3 నెలల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 14567 నంబరుకు ఫోను చేసి సాయం కోరవచ్చు. అయితే ట్రిబ్యునల్ డబ్బు ఇప్పించగలదు గాని, మంచం పక్కన కూర్చునే కొడుకును ఇప్పించలేదు.

జిహాద్‌కు అనుమతి కోరి వచ్చిన వ్యక్తిని, తల్లిదండ్రులు బతికే ఉన్నారని తెలుసుకొని, వారి సేవకే మళ్లించారు దైవప్రవక్త (స). దగ్గరున్నవారు ప్రతి జుమా నమాజు తర్వాత నేరుగా ఆశ్రమానికి వెళ్లాలి. విదేశాల్లో ఉన్నవారు సెలవు రోజుల్లో మొదటి వాటా పెద్దలకే ఇవ్వాలి.

కన్నవారి రుణం గుర్తెరిగి మసలుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.