ఇఫ్తార్‌లో ఉప్పు తక్కువైంది



ఈసారి కొంచెం కోపంగా రాస్తున్నాను. ఆ కోపం ముందు నా మీద, తర్వాత మనందరి మీద. మనందరం అంటే మర్దులం. ఆపాలు చదివితే చదవండి గానీ, మీకు తెలియనిది ఇందులో ఏమీ ఉండదు.

రోజా ఉండి వంట చేసే ఔరత్ ఉప్పు ఎలా చూస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? చూడదు. చేతి అంచనాతో వేసేసి బిస్మిల్లా అనుకుంటుంది. దీని గురించి మన హనఫీ ఫిఖాలో ఒక మస్‌అలా ఉంది. రోజాలో అవసరం లేకుండా వంట రుచి చూడడం మక్రూహ్. కానీ షౌహర్ బద్‌మిజాజ్ అయితే, ఉప్పు కోసం రగడ చేసే మనిషైతే, నాలుక కొసన పెట్టుకుని ఉమ్మేయడానికి ఆ ఔరత్‌కు రియాయత్ ఉంది. మా నానీమా మధ్యాహ్నాలు గల్లీ ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని బెహిష్తీ జేవర్ చదివి వినిపించేది. ఈ మాట వచ్చిన చోట అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఎందుకు నవ్వుతున్నారో నాకప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు, అందుకే సిగ్గుగా ఉంది. రోజా అల్లా కోసం. ఆ రోజాలో కూడా మన నోటికి జడిసి మన ఆడవాళ్ళకు ఒక రియాయత్ రాయాల్సి వచ్చింది ఫుఖహాలకు. మనమేమో అది వాళ్ళకు దొరికిన సౌకర్యం అనుకుంటాం. అది మన మీద రాసిన షికాయత్ అని ఎప్పుడూ అనుకోం.

నా కిస్సా చెప్తాను. నిరుడు రంజాన్ ఆఖరీ అష్రా, ఇరవై ఆరో రోజా. మగ్రిబ్ అయితే ఇరవై ఏడో రాత్. ఆఫీసు దోస్తులు నలుగురిని, గల్లీవాళ్ళు నలుగురిని ఇఫ్తార్‌కి పిలిచాను. వాళ్ళకు ఫోన్లు చేసింది పొద్దున పదింటికి. ఇంట్లో చెప్పింది పన్నెండింటికి.

"ఎనిమిదిమందా జీ?" అంది మా బీవీ.

"ఏముంది, పకోడీలు, చనే, దహీ వడలు, కాసిని షామీలు. ఖానా ఎలాగూ వండుతావు కదా" అన్నాను.

ఆ "ఏముంది" అన్న మాట నేను అనేశాను. దాన్ని వండింది ఆమె. రాత్రి మూడింటికి సెహ్రీకి లేచిన మనిషి. ఫజర్ తర్వాత పిల్లల్ని స్కూలుకు తయారు చేసి, గిన్నెలు తోమి, బట్టలు ఉతికి, జొహర్ చదువుకుని చొంగాలో మినప్పప్పు కడుగుతూ నిలబడింది. మరి నేనేం చేశానంటారా? అసర్ చదువుకుని బజారుకెళ్ళాను. ఒక తర్బూజా, రెండు డజన్ల అరటిపళ్ళు, మసీదు మూల మీద సంచిలో కొట్టి ఇచ్చే ఐసు ముక్కలు. దారిలో అత్తరు దుకాణం దగ్గర పావుగంట. దానికే అలిసిపోయినట్టు వచ్చి ఫ్యాను కింద పడుకున్నాను.

సైరన్ మోగింది. దస్తర్‌ఖాన్ నిండుగా ఉంది, మాషా అల్లా. ఒక దోస్త్ ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు. నేను దహీ వడ తుంచి నోట్లో పెట్టుకుని, వంటింటి వైపు తిరిగి, పదిమందీ వినేలా "ఉప్పు తక్కువైందే!" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల్నుంచి జవాబు రాలేదు. రెండో వాయి పకోడీల చప్పుడు మాత్రం వినిపించింది.

మసీదులో మగ్రిబ్ చదువుకుని వచ్చి నీళ్ళకని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి పక్కన స్టీలు మూత మీద ఒక ఖజూర్ ఉంది, సగం కొరికింది. పక్కనే తర్బూజా ముక్క అలాగే ఉంది. ఆమె నిలబడే రోజా విప్పింది. నూనె మాడుతుందని ఆ మిగతా సగం తినడానికి కూడా ఆగలేదు.

"తినలేదేంటి?" అన్నాను.

"రెండు గుక్కలు నీళ్ళు తాగాను" అంది. కాసేపాగి, నా వైపు చూడకుండానే, "నెలంతా దువా అడిగే టైముకి నా చేతులు శనగపిండిలో ఉంటాయి. ఇక ఎత్తేదెప్పుడు?" అంది.

అంతే. గొడవ పడలేదు, ఏడవలేదు. ఆ రాత్రి నేను జాగారం చేసి మసీదులో ఎన్ని రకాతులు చదివానో లెక్క నాకు గుర్తుంది. ఆమె ఎన్ని గిన్నెలు తోమిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇప్పుడు మీ ఎత్‌రాజ్‌లు నాకు తెలుసు. ఎందుకంటే అవి ఇంతకుముందు నావే.

మొదటిది, రోజాదార్‌కి ఇఫ్తార్ చేయిస్తే అతని రోజా అంత సవాబ్ వస్తుంది కదా అని. వస్తుంది. ఆమీన్. కానీ ఆ బయాన్ చేసే మౌల్వీ సాబులే ఒక ఖజూర్‌తో, ఒక గుక్క నీళ్ళతో చేయించినా చాలని కూడా చెప్తారు. ఆ సగం మనం వినం. పైగా మన ఇంట్లో అందరికంటే ముందు ఉన్న రోజాదార్ ఎవరు? పొయ్యి దగ్గర నిలబడ్డ ఆమె కాదా? ఆమెకు ఇఫ్తార్ చేయించే సవాబ్ ఎవరూ తీసుకోరేం? ఎనిమిదిమందిని పిలిచి, ఇంట్లో ఉన్న తొమ్మిదో రోజాదార్‌ను నిలబెట్టి రోజా విప్పించడం ఎక్కడి దావత్?

రెండోది, వంట ఔరతుల పని అని. ఇది వింటే నాకు ఇప్పుడు నవ్వొస్తుంది. హలీం భట్టీ దగ్గర నిలబడి చూడండి. గోధుమలు, గోష్త్ కలిపి గంటల తరబడి ఘోట్నాలతో దంచేది ఎవరు? మర్దులే. 2010లో హైదరాబాదీ హలీంకు జీఐ గుర్తింపు వస్తే కాలర్లు ఎగరేశాం. వలీమాలో డేగుల కొద్దీ బగారా ఖానా దించేది ఎవరు? మర్ద్ బావర్చీలే. మజూరీ ఉంటే మన చేతులకు వంట వస్తుంది. ఇంటి గడప దాటి లోపలికి వచ్చేసరికి ఉల్లిపాయ కోయడం కూడా మర్చిపోతాం.

హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం ఇంట్లో ఏం చేసేవారని హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హాను అడిగితే, ఇంటివాళ్ళ ఖిద్మత్‌లో ఉండేవారని, నమాజ్ వేళైతే బయటికి వెళ్ళేవారని చెప్పారు. బుఖారీలో ఉంది. ఆయన ఏనాడూ ఖానాకు ఐబ్ పెట్టలేదని, నచ్చితే తినేవారని, నచ్చకపోతే వదిలేసేవారని అదే బుఖారీలో ఉంది. మనకు గడ్డం సున్నత్ గుర్తుంటుంది, మిస్వాక్ సున్నత్ గుర్తుంటుంది, వేళ్ళు నాకే సున్నత్ కూడా గుర్తుంటుంది. ఉప్పు తక్కువైతే నోరు మూసుకుని తినే సున్నత్ మాత్రం గుర్తుండదు.

మూడోది మా అమ్మీది. దీనికి జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే ఆమె నిజాయితీగా అంటుంది. "మేం చేయలేదా బేటా? నలుగురు పిల్లల్ని పెట్టుకుని, కట్టెల పొయ్యి మీద, ముప్ఫై రోజులూ చేశాం. మెహమాన్ వస్తే బర్కత్. మీ అబ్బా ఒక్కనాడు ఒంటరిగా ఇఫ్తార్ చేయలేదు" అంటుంది. నిజమే. ఆ దస్తర్‌ఖాన్ మీదే నేను పెరిగాను. నా బచ్‌పన్ రంజాన్ అంటే అమ్మీ చేతి చనే, ఎండు మిరపకాయ బఘార్ వాసన, మూత పెట్టిన పళ్ళెం పట్టుకుని పక్కింటి రెడ్డిగారి ఇంటికి పరుగు. ఆ పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చేది కాదు. బెల్లం ముక్కో, రెండు జామకాయలో, ఏదో ఒకటి పడేది. ఇవన్నీ పోవాలని నేను ఎందుకు కోరుకుంటాను?

కానీ అమ్మీ, నీ పళ్ళెంలో అప్పుడు ఉండేది చనే, పకోడీ, అంతే. మెహమాన్ వస్తే పప్పులో ఇంకో చెంబు నీళ్ళు, చింతపండు ఇంకాస్త. ఖట్టీ దాల్, అన్నం, ఉంటే తలా హువా గోష్త్, లేకుంటే పాపడ్. ఇద్దరి ఖానా ముగ్గురికి సరిపోతుందన్న హదీసు నువ్వు చదవకుండానే అమలు చేశావు. ఇప్పుడు మేం చేస్తున్నది అది కాదు. పన్నెండు రకాలు, పన్నెండు గిన్నెలు, స్టేటస్‌లో ఫోటో. పగలంతా ఆకలితో ఉండి, ఆకలి మీద పగ తీర్చుకుంటున్నట్టు తింటున్నాం. తరావీకి వచ్చేసరికి పొట్ట బరువుకు రుకూ చేయలేని వాళ్ళను మసీదులో నేను రోజూ చూస్తాను. ఆ వరసలో నేనూ ఉన్నాను. సూరా అల్ ఆరాఫ్‌లో తినమని, తాగమని చెప్పిన ఆయత్‌లోనే ఇస్రాఫ్ వద్దని కూడా ఉంది.

ఇంకో దుఃఖం ఏమిటంటే, మన అసలు ఇంటి వంటకే మనం శరమ్ పడుతున్నాం. మెహమాన్ వస్తే ఖట్టీ దాల్ గిన్నెను ఫ్రిజ్ వెనక దాస్తాం. ఎండాకాలం చుగుర్ గోష్త్, చింతచిగురు చేత్తో నలిపి వేసింది, దాని ముందు ఏ హోటల్ బిర్యానీ నిలుస్తుంది? అంబాడా గోష్త్ అన్నా, గోంగూర మాంసం అన్నా ఒకటే రుచి. రాత్రి మిగిలిన రొట్టెలను బెల్లం, నెయ్యి వేసి మలీదా నలిపితే పిల్లలు గిన్నె నాకుతారు. ఇవి దావత్‌లో పెడితే ఇజ్జత్ పోతుందని ఎవరు చెప్పారు మనకు?

ఈ ఏడు మా ఇంట్లో ఒక ఫైస్లా చేసుకున్నాం. ఆఖరీ అష్రా మొత్తం అసర్ నుంచి మగ్రిబ్ దాకా పొయ్యి వెలగదు. ఖజూర్, కోసిన పళ్ళు, నీళ్ళు. అవి కోసేది నేనూ మా పెద్దబ్బాయీ. అసర్‌కి ముందే ఖిచిడీ దమ్ మీద దించేస్తాం. ఖట్టా నేను కలుపుతాను: నానిన చింతపండు పులుసులో వేయించిన నువ్వుల పొడి, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, చివర్న వెల్లుల్లి, జీలకర్ర బఘార్. మొదటి రోజు నువ్వులు మాడ్చాను. చేదొచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అమ్మీకి ఇంకా నచ్చలేదు. "సెహ్రీకి తినే ఖిచిడీ ఇఫ్తార్‌కి ఏంటి, జమానా తలకిందులైందా?" అంటుంది. నిన్న మాత్రం అసర్ తర్వాత ఆమె, మా బీవీ ఇద్దరూ జానమాజ్‌ల మీద పక్కపక్కన కూర్చుని తస్బీహ్ తిప్పుతున్నారు. నేను వంటింట్లో కళ్ళ నీళ్ళు కారుస్తూ ఉల్లిపాయ కోస్తున్నాను. "సన్నగా కోయి బేటా" అని అమ్మీ అక్కణ్ణుంచే కేకేసింది.

వచ్చే జుమ్మాకి మళ్ళీ ఆ ఎనిమిదిమందినే పిలిచాను. ఈసారి ముందు ఇంట్లో అడిగి పిలిచాను. ఖజూర్, తర్బూజా, ఖిచిడీ, ఖట్టా, పాపడ్. వాళ్ళలో కొందరు ఇది చదువుతారు కాబట్టి ఇక్కడే చెప్తున్నాను భాయిలారా: పన్నెండు మంది ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుంటాం, పొయ్యి దగ్గర ఎవరూ నిలబడరు. రోజాలో కలిపిన ఖట్టా, రుచి చూడలేదు. ఉప్పు డబ్బా మీ ముందే పెడతాను.